చైతన్యపురి బండ మీది భిక్షుసంఘం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వైపు మెట్రోలో వెళ్తుంటే మొదట వచ్చే స్టేషన్ చైతన్యపురి. అక్కడ మూసీ ఒడ్డున, ఫణిగిరి కాలనీలోని కొసగుండ్ల నరసింహస్వామి గుడి దగ్గర ఒక బండ మీద ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో శాసనం ఉంది. కాలం సుమారు క్రీ.శ. 5వ శతాబ్దం. గోవిందరాజ విహారంలోని పిండపాతిక భిక్షువుల కోసం సంఘదేవుడనే భదంతుడు (పూజ్య భిక్షువు) రాతి నివాసం చేయించాడన్నది అందులోని సంగతి. హైదరాబాద్‌లో ఇప్పటిదాకా వెలుగుచూసిన శాసనాల్లో ఇదే అతి పాతదంటారు. రాజుల చరిత్ర రాసేవారు దీన్ని బాగానే వాడుకున్నారు. నా దృష్టిలో మాత్రం ఇది ఒక సంఘం దస్త్రం. మూసీ ఒడ్డున కాపురమున్న మామూలు జనానికి మిగిలిన సాక్ష్యం.

కీలకమంతా ‘పిండపాతిక’ అన్న ఒక్క మాటలో ఉంది. బౌద్ధ భిక్షువులందరిదీ భిక్షాన్నమే అయినా పిండపాతికుల వ్రతం మరింత కఠినం. భోజనానికి పిలిచినా వెళ్లరు, ఇల్లిల్లూ తిరిగితే పాత్రలో పడిందే తింటారు. వండుకోరు, రేపటికి దాచుకోరు, మధ్యాహ్నం దాటితే ముద్ద ముట్టరు. తెల్లవారాక బయలుదేరి, పొద్దు నడినెత్తికి రాకముందే భోజనం ముగించాలంటే ఆ నడక దూరంలోనే పొయ్యి వెలిగే ఇళ్లుండాలి. ఒకటీ రెండూ చాలవు. రోజూ ఓ ముద్ద తీసిపెట్టగల ఇళ్లు వరుసగా ఉండాలి, వాటికి పంట ఉండాలి, పంటకు నీరుండాలి. ఆ ఇల్లాళ్ల పేర్లు ఏ శాసనానికీ ఎక్కలేదు. కానీ వాళ్లు పెట్టిన అన్నం లేకపోతే బండ మీది ఆ మాటకు అర్థమే లేదు.

ఒక్క రాతిని పట్టుకుని ఇంత చెప్పవచ్చా అంటే, న్యాయమైన ప్రశ్నే. రాయి ఒక్కటే అయితే వెనకాడాల్సిందే. అయితే విష్ణుకుండి వంశపు రాజు గోవిందవర్మ తన రాణి పరమభట్టారికా మహాదేవి కట్టించిన బౌద్ధ విహారానికి దానమిచ్చిన తామ్రశాసనం పాత నల్లగొండ జిల్లా తుమ్మలగూడెంలో దొరికింది. చైతన్యపురి విహారానిదీ ఆ గోవిందుడి పేరేనని పండితుల అభిప్రాయం. ఇటు కీసరగుట్ట తవ్వకాల్లోనూ విష్ణుకుండినుల నాటి కట్టడాలు బయటపడ్డాయి. హైదరాబాద్ పుట్టింది 1591లో కదా అని ఇంకొకరు అడుగుతారు. నగరం అప్పటిదే, కాదనను. నగరం వయసు వేరు, ఆ నేల మీద కాపురాల వయసు వేరు.

సంఘాల దస్త్రాలను కాపాడుకోవడం గురించి వేరే చోటి ఉదాహరణ ఒకటి చెబుతాను. 1947లో అమెరికాలోని సిన్సినాటి నగరంలో జేకబ్ రేడర్ మార్కస్ అనే చరిత్రకారుడు అమెరికా యూదుల పత్రాలయాన్ని నెలకొల్పాడు. ప్రార్థనామందిరాల దస్త్రాలు, సమావేశాల మినిట్స్, ఉత్తరాలు అక్కడికి చేరాయి. ఐరోపా యూదు సమాజాలు నాశనమైన రెండేళ్లకే మొదలైన పని అది, ఆ తొందర నాకు అర్థమవుతుంది. మన భిక్షుసంఘానికి బీరువాలు లేవు, బండే ఉంది. కాగితాన్ని గదిలో పెట్టి తాళం వేయవచ్చు, బండను ఉన్నచోటే కాచుకోవాలి. పాఠం పుస్తకాల్లోకి ఎక్కింది కదా, ఇక రాయితో పనేముందనే వాదన ఉంది. పుస్తకంలో మాటలు మిగులుతాయి. ఏటికి ఎంత దూరాన, ఏ గుట్ట పక్కన ఆ మాట చెక్కారన్నది రాయి కదలకుండా ఉంటేనే తెలుస్తుంది. పిండపాతికుల ఉదయపు నడకను ఎవరైనా కొలవాలనుకుంటే మొదటి అడుగు ఆ బండ దగ్గరే పడాలి.