ఆమిక్ష



ముప్పదియైదు సంవత్సరములు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనై యుంటిని. అమరకోశము చెప్పునపుడు 'ఆమిక్ష' యను పదము వచ్చెడిది. కాగిన పాలలో పెరుగు కలుపగా విరిగి గట్టిపడిన భాగము ఆమిక్ష యనియు, వేరుపడిన నీరు వాజినమనియు చెప్పి ముందునకు సాగెడివాడను. ఒకనాడొక బాలుడు "అది యెట్లుండునండీ?" యని యడిగెను. "పరీక్షలో నడుగరు, కూర్చుండుము" అంటిని. నాకును దెలియదని చెప్పుటకు నోరు రాలేదు.

2018వ సంవత్సరము శీతకాలమున ఇటలీదేశమందలి మిలాను నగరమునకు, మా అమ్మాయి యింటికి పోయితిని. ఆ లొంబార్దియా సీమ కాలువలతో, పచ్చికతో నిండిన మైదానము, పాడి మెండు. మొదటినాడే నా మనుమరాలు, పదునాలుగేండ్ల పిల్ల, అన్నముపై పార్మిజానో యను జున్ను తురిమి తెచ్చినది. పాలు దేనితో పేరుకొనునని యడిగితిని. దూడ కడుపునుండి తీసిన తోడుతోనని యా పిల్ల నిజమే చెప్పినది. నేను పళ్లెము వెనుకకు నెట్టితిని. అంతటితో నూరకుండక, "ఇట్టివి వండు నింట మంచినీరైన ముట్టవచ్చునా?" యంటిని. పిల్ల ముఖము వాడిపోయినది. ఆ రాత్రి తల్లిగాని బిడ్డగాని సరిగా భుజింపలేదు. నియమము నాది, శిక్ష వారిది.

మూడవనాడు పిల్ల వచ్చి, "తాతగారూ! దూడ ప్రసక్తి లేని జున్ను కలదు. మీ యెదుటనే చేసెదను" అన్నది. దాని పేరు మాస్కార్పోనె. మిలానుకు ఆగ్నేయముననున్న లోదీ ప్రాంతము దీనికి పుట్టినిల్లందురు. ఉప్పు వేయరు, నెలల తరబడి మాగవేయరు, కొలది దినములకు మించి నిలువదు. అందుచేత పూర్వము చలికాలముననే చేసెడివారట.

అరలీటరు పచ్చిమీగడను మరుగు నీటి గిన్నెపై నుంచి, 85 డిగ్రీల వేడి వచ్చువరకు కలియబెట్టినది. పిమ్మట చెంచాడు నిమ్మరసము పోసినది. పాలు విరుగుట యశుభమని పెరిగిన నా గుండె యొక్కసారి ఝల్లుమన్నది. కాని యది పాలవలె ముక్కలుగా విరుగలేదు, పాయసమువలె చిక్కబడినది. పలుచని గుడ్డలో పోసి రాత్రియంతయు చల్లని చోట నుంచినది. అడుగున బొట్లుబొట్లుగా నీరు దిగినది. దానిని జూచి "వాజినము!" అని యప్రయత్నముగ బలికితిని.

ఉదయమున గుడ్డ విప్పి, చెంచాతో నందిచ్చినది. తెల్లనిది, నున్ననిది. వెన్నవలె జిడ్డు లేదు. మన జున్నువలె గుల్లతనము లేదు. మొదట పాలతీపి, చివర నెచ్చటనో పులుపు పొడ. తేనె చేర్చి మరల పెట్టినది. వద్దనలేకపోయితిని. తిరమిసు అను ప్రసిద్ధమైన మిఠాయికి మూలమిదియే యట. కాని దానిలో గ్రుడ్డు పడును గనుక దాని జోలికి పోలేదు.

పండితుడనైనందున నొకటి చెప్పవలెను. ఇది మీగడనుండి పుట్టినది, ఆమిక్ష పాలనుండి పుట్టునది. రెండు నొకటి కావు, ఒకే వంశమునకు జెందినవి. చాతుర్మాస్యములలో వైశ్వదేవ పర్వమున ఆమిక్షను దేవతలకు హోమము చేయుదురు. దేవతలకు పనికివచ్చిన విరుగుడు మనకశుభమెట్లాయెనో నేనెన్నడు నాలోచింపలేదు.

ఆనాడే పిల్లను పిలిచి, "అమ్మా, మొన్న నేనన్న మాట తప్పు" అంటిని. పార్మిజానో నేటికిని తినను. కాని యది తిను వారి ప్రక్కనే కూర్చుండి నా యన్నము నేను తిందును.

స్వగ్రామమునకు వచ్చినపిదప పాలు కాచి, పెరుగు కలిపి, గుడ్డలో వడియగట్టితిని. ఆనాటి బాలుడిప్పు డెచ్చట నున్నాడో యెరుగను. వినుచున్నచో, నాయనా, ఆలస్యముగ జెప్పుచున్నాను: ఆమిక్ష తడిసిన దూదిపింజవలె తెల్లగా, పలుకుపలుకుగా నుండును, నమలిన లేత పులుపుతో గూడిన తీపి. నీ ప్రశ్న మంచి ప్రశ్న.