ఇంటర్వ్యూకి ఏ డ్రెస్?



రీసెటిల్‌మెంట్ గురించి నాలుగు మాటలు చెప్పమని సెక్రటరీ గారు అడిగారు. పెన్షన్, ఈసీహెచ్‌ఎస్, డీజీఆర్ కోర్సుల సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. నేను చిన్న విషయం ఒకటి మాట్లాడతాను. ఉద్యోగం ఇంటర్వ్యూకి ఏం బట్టలు వేసుకుని వెళ్ళాలి అని. నవ్వకండి. దీనివల్లనే నాకు ఒక ఉద్యోగం పోయింది.

ఫౌజులో మనకి ఈ బాధ లేదు. ప్రతి ఆర్డర్లో టైము, జాగా, దాని కింద ‘డ్రెస్’ అని ఒక లైను ఉంటుంది. పీటీ కిట్టా, కంబాటా, మఫ్టీయా, అన్నీ వాళ్ళే రాస్తారు. ఇంటర్వ్యూ అన్నా మనకి తెలిసింది సీఓ సాబ్ ఇంటర్వ్యూనే. ఇస్త్రీ యూనిఫాం, ఒక సెల్యూట్, రెండు నిమిషాల్లో బయటికి. 1988లో ఇంటర్ పాసై గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో చేరినవాణ్ణి, 2016లో సుబేదారుగా పెన్షన్ వచ్చేదాకా పొద్దున్నే లేచి ఏం వేసుకోవాలా అని ఒక్కరోజు ఆలోచించింది లేదు.

మాది సిరిసిల్ల వైపు. మా అత్తగారి వాళ్ళు సూరత్‌లో లింబాయత్‌లో ఉంటారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి సాంచెల పనికి వెళ్ళిన మనవాళ్ళు అక్కడ చాలామంది. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా పెట్టిందంటే మీరే అర్థం చేసుకోండి. మేమూ అక్కడే ఇల్లు తీసుకున్నాం. కమ్యుటేషన్ డబ్బంతా ఇంటికే పోయింది. పెద్దమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు నెత్తిమీద ఉంది.

అప్పుడు మా బామ్మర్ది ఒక కబురు తెచ్చాడు. పాండేసరలో ఒక డైయింగ్ మిల్లులో సెక్యూరిటీ సూపర్‌వైజర్ కావాలట. మే నెల. ఊరంతా చీరలే నేసే, రంగులద్దే ఊళ్ళో నేను రాత్రంతా ఏం తొడుక్కోవాలా అని కూర్చున్నాను. మా ఆవిడ “తెల్ల చొక్కా వేసుకోండి, చాలు” అంది. బామ్మర్ది మాత్రం “బావా, నువ్వు సుబేదార్‌వి. బ్లేజర్ వెయ్. మెడల్స్ కూడా పెట్టు” అన్నాడు. మెడల్స్ పరేడ్లకీ, ఉత్సవాలకేగానీ నౌకరీ అడగడానికి కాదని ఆ మాత్రం నాకు తెలుసు. కానీ బ్లేజర్ వేశాను. జేబు మీద తోప్ గుర్తు, రెజిమెంట్ టై, తోలు అడుగు బూట్లు. ఆటో దిగేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

సేఠ్‌గారు పొట్టి చేతుల చొక్కా, చెప్పులతో కూర్చున్నారు. సూరత్‌లో ఇది మామూలే. మహీధర్‌పురా హీరాబజార్లో లక్షల వజ్రాలు కాగితం పొట్లంలో పెట్టుకుని మామూలు చొక్కాతో రోడ్డు మీద నిలబడి బేరం చేస్తారు. నన్ను చూసి ఆయనే లేచి నిలబడ్డారు. నాకు లోపల సంతోషం! చాయ్ తెప్పించి, “పదండి, మిల్లు చూద్దాం” అన్నారు.

డైయింగ్ మిల్లు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆవిరి, బాయిలర్ వేడి, నేలంతా రంగునీళ్ళు. ఒకచోట నీలం రంగు నీళ్ళు నిలిచాయి. సేఠ్ చెప్పులతో దాటేశారు. నేను ఆగాను. ప్యాంటు కాస్త పైకి పట్టుకుని, గోడ పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్ళాను. ఆయన వెనక్కి తిరిగి చూశారు. 28 ఏళ్ళు బురదలో తోపులు లాగినవాణ్ణి, ఆ రోజు బూట్లు చూసుకున్నాను.

వచ్చేటప్పుడు చాలా మర్యాదగా అన్నారు: “సాబ్, మీరు పెద్దవాళ్ళు. రాత్రి రెండింటికి బాయిలర్ దగ్గరికి వెళ్ళమని మీకు నేనెలా చెప్పను?” ఆ నౌకరీ ఒక రిటైర్డ్ హవల్దార్‌కి వచ్చిందని తర్వాత తెలిసింది. ఆయన మీద నాకు కోపం లేదు, సేఠ్ మీద కూడా లేదు. నన్ను చూసి ఆయనకి వచ్చిన అనుమానాన్ని నేనే నడిచి రుజువు చేశాను.

ఇంట్లో ఎవరికీ రెండు రోజులు చెప్పలేదు.

తర్వాత బుర్రకెక్కింది. ఏ టాస్కుకైనా ముందు రెక్కీ చేస్తాం కదా, దీనికి ఎందుకు చెయ్యలేదు? సచిన్ జీఐడీసీలో ఇంకో కంపెనీ పిలుపు వచ్చినప్పుడు ముందురోజు షిఫ్ట్ మారే టైముకి గేటు ఎదురుగా టీ బండి దగ్గర నిలబడ్డాను. నేను అడగబోయే పని చేసేవాళ్ళు ఏం వేసుకున్నారు, వాళ్ళ పైవాళ్ళు ఏం వేసుకున్నారు, కాళ్ళకి ఏమున్నాయి, ఇదే చూశాను. లేతరంగు ఫుల్‌చేతుల చొక్కా టక్ చేసి, ముదురు ప్యాంటు, రబ్బరు అడుగు నల్లబూట్లు. టై ఒక్కడికీ లేదు. నేనూ అలాగే వెళ్ళాను. ఫైర్ పంపు గురించి అడిగారు, రాత్రి గస్తీ రిజిస్టర్ ఎలా రాయిస్తావన్నారు. బట్టల సంగతి నాకూ గుర్తులేదు, వాళ్ళకీ గుర్తులేదు. నౌకరీ వచ్చింది.

అలాగని తెగించి లుంగీలో పొమ్మని కాదు. షేవింగ్, జుట్టు, ఇస్త్రీ, పాలిష్, ఈ నాలుగూ ఫౌజు మనకి ఉచితంగా ఇచ్చినవి, వాటిని వదలకండి. బ్యాంకు బోర్డు ముందుకో, పెద్ద కంపెనీ ఆఫీసుకో అయితే టై కట్టండి, అక్కడ అది వాళ్ళ యూనిఫాం. ప్లాంటు తిప్పుతారేమో ముందే ఫోన్ చేసి అడగండి. అడిగితే చిన్నతనం ఏమీ లేదు.

ఇంకో మాట. కొందరు తమ్ముళ్ళు కంబాట్ ప్రింట్ ప్యాంటు వేసుకుని ఇంటర్వ్యూకి వస్తున్నారు, నేనిప్పుడు బల్లకి అవతల కూర్చుంటాను కాబట్టి చెప్తున్నాను. డిశ్చార్జ్ అయ్యాక అది మన డ్రెస్ కాదు. సైనికుడు కానివాడు సైనికుడిగా అనిపించేలా వేషం వేస్తే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద నేరం. ఆ ప్యాంటు అవసరమే లేదు. 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టంలోనే సూపర్‌వైజర్ పనికి మూడేళ్ళకి తగ్గని సైనిక సర్వీసు ఉన్నవాళ్ళకి ప్రాధాన్యం రాసి ఉంది. డిశ్చార్జ్ బుక్ చేతిలో ఉంటే చాలు. 2022లో మొదలైన అగ్నిపథ్ పథకంలో నాలుగేళ్ళు చేసి, నూటికి 25 మందికి మించి రెగ్యులర్ కాకుండా బయటికి వచ్చే పిల్లలకి ఈ సంగతి మనమే చెప్పాలి. వాళ్ళకి మనకున్నట్టు పెన్షన్ ఆసరా కూడా లేదు.

ఆ బ్లేజర్ ఇదే, ఇవాళ వేసుకొచ్చాను. బొత్తాం పట్టడం లేదు. రబ్బరు అడుగు బూట్లు మాత్రం ఇంట్లో ఒక జత ఎక్కువ ఉన్నాయి, ఎనిమిదో నంబరు. ఇంటర్వ్యూ ఉన్నవాళ్ళు ఎవరైనా పట్టుకెళ్ళండి. పాలిష్ చేసి తిరిగివ్వండి.

జై హింద్.