దారిలో నిలిపిన బండి: సోదా ధర్మములు



గుంటూరు మిరపయార్డునకు బస్తాలు వేసికొని పోవుచున్న యొక లారీని దారిలో పోలీసువారు నిలిపినారనుకొందము. బండిని నిలిపి కాగితములు చూచుట యొకటి; బస్తాలు విప్పించుట మఱియొకటి. ఈ రెంటికిని గల భేదమును గ్రామపెద్దలు తెలిసికొనుట మిక్కిలి యవసరము.

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ననుసరించి, యూనిఫారము ధరించిన పోలీసు అధికారి యడిగినచో డ్రైవరు తన లైసెన్సును చూపవలసినదే. రిజిస్ట్రేషను గాని పర్మిట్టు గాని లేదని నమ్ముటకు కారణమున్నచో బండినే పట్టియుంచవచ్చును. అయినను కాగితము లడుగు నధికారము మూటలు విప్పు నధికారము కానేరదు.

దానికి వేఱు నియమములు కలవు. 2024 జూలై 1వ తేదీన అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ‘స్థలము’ అను మాట యింటినే కాక బండిని గూడ తెలుపును. ఒక నేరమును దర్యాప్తు చేయు నధికారి, తనకు కావలసిన ఫలానా వస్తువు ఆ బండిలో నున్నదని నమ్ముటకు తగిన కారణముండి, ఆలస్యమైనచో అది దొరకదని తోచినప్పుడు, వారంటు లేకయే సోదా చేయవచ్చును. కాని యా కారణమును ముందుగా వ్రాసియుంచి, దాని ప్రతిని 48 గంటలలోగా మేజిస్ట్రేటునకు పంపవలెను. సోదానంతను దృశ్యముతోను శబ్దముతోను రికార్డు చేయవలెను. సెల్‌ఫోనుతో చేసినను చెల్లును.

గంజాయి మొదలగు మత్తుపదార్థములకు 1985 నాటి ప్రత్యేక చట్టము కలదు. అందు బండి నాపి సోదా చేయు నధికారము విశాలమైనది. మనిషి యొడలిని సోదా చేయునప్పుడు మాత్రము, గెజిటెడు అధికారి యెదుటనో మేజిస్ట్రేటు నెదుటనో జరుపుమని కోరు హక్కు అతనికి కలదు. ఆ మాట ముందుగా అతనికి చెప్పితీరవలెనని 1999లో సుప్రీంకోర్టు శాసించినది. చేతిసంచికి ఈ రక్షణ లేదని 2005లో అదే కోర్టు తేల్చినది. స్త్రీని స్త్రీయే సోదా చేయవలెను.

ఇక మీకు సంబంధించిన సంగతి. సోదాకు ముందు ఆ ప్రాంతపు నిష్పక్షపాతులైన పెద్దమనుష్యుల నిద్దఱనైనను పిలువవలెనని సంహిత చెప్పుచున్నది. పంచనామాపై సంతకము చేయు మధ్యవర్తులు వీరే. వ్రాతమూలకముగా పిలిచినప్పుడు తగిన కారణము లేక నిరాకరించుట నేరము. అయితే వచ్చినవాడు బండి మొగము చూడక, స్టేషను బల్లపై నున్న కాగితమునకు చేవ్రాలు చేసి పోయినచో, రానివానికంటె నెక్కువ కీడు చేసినవాడగును.

ఏలయన, సోదాలో లోపమున్నంత మాత్రమున దొరికిన వస్తువు సాక్ష్యమునకు పనికిరాకపోదని 1973లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. సామాన్యముగా నేటికిని న్యాయస్థానముల మార్గ మదియే. కావున తోలువాడు పేదయైనను నిర్దోషియైనచో, వానికి దారిప్రక్కనే దొరకవలసిన రక్షణ మీ కన్నులే.

ఏ బస్తానుండి ఏమి వచ్చినదో దగ్గఱ నిలిచి చూడుడు. లెక్కయు తూకమును మీ యెదుటనే జరుగవలెను. జాబితాను చదివి, ఖాళీలు లేవని నిశ్చయించుకొనిన పిదపనే సంతకము చేయుడు. ఇట్టి సాక్ష్యము వలన న్యాయముగా నడచిన పోలీసు అధికారికి బలము కలుగును, దోషి తప్పించుకొనలేడు, నిర్దోషి నలుగడు. చూచినదానికి వెనుదీయకుడు, చూడనిదానికి చేవ్రాలు చేయకుడు.

సెలవు.