మట్టి నుంచా, మనిషి నుంచా?



ఈ సభలో క్షయ గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఈసారి దాని దాయాదుల మాట ఎత్తుతాను.

1882లో రాబర్ట్ కోచ్ క్షయక్రిమిని చూపించాక, అదే రంగు పట్టే క్రిములు మట్టిలోనూ నీళ్లలోనూ దొరుకుతూనే వచ్చాయి. చాలాకాలం వాటిని ఎవరూ పెద్దగా లెక్కచేయలేదు. 1959లో ఎర్నెస్ట్ రన్యన్ పెరిగే వేగాన్నీ, కాలనీల రంగునూ బట్టి వాటిని నాలుగు గుంపులుగా విడదీశాడు. జన్యువులు చదవడం మొదలయ్యాక ఆ గుంపులు పగిలి దాదాపు 200 జాతులయ్యాయి.

వాటిలో మైకోబాక్టీరియం యాబ్సెసస్ చరిత్ర ఒక్కటి చెబితే చాలు. ఒక మోకాలి చీముగడ్డలో ఇది దొరికినట్టు 1953లో ప్రకటించారు. క్షయక్రిమికి వారాలు పడితే, ఇది ఏడు రోజుల్లోపే పెరుగుతుంది. ఇందులో యాబ్సెసస్, మాసిలియెన్స్, బొలెటి అని మూడు ఉపజాతులు. ఇదేదో వర్గీకరణవాళ్ల సరదా అనుకోకండి. క్లారిత్రోమైసిన్‌కు లొంగకుండా చేసే ఈఆర్ఎం-41 జన్యువు మాసిలియెన్స్‌లో తెగిపోయి ఉంటుంది. అందుకే ఆ మందు దానిమీద సాధారణంగా పనిచేస్తుంది. ఉపజాతి తెలియకుండా మందు రాయడం చీకట్లో రాయి వేయడమే.

ఇక అసలు వివాదం. ప్రతి రోగికీ ఈ క్రిమి విడివిడిగా మట్టి నుంచో నీటి నుంచో వస్తుందనే పాఠాలు చెప్పుకున్నాం. 2013లో కేంబ్రిడ్జ్ దగ్గరి పాప్‌వర్త్ ఆసుపత్రిలో, సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యు జబ్బు ఉన్న 31 మంది నుంచి తీసిన 168 నమూనాల జన్యుక్రమాలు చదివారు. 11 మందిలో దొరికిన మాసిలియెన్స్ క్రిములు రెండు గుచ్ఛాలుగా తేలాయి. ఒక్కో గుచ్ఛంలో తేడా పది జన్యు అక్షరాలకు లోపే! ఒకే రోగి ఊపిరితిత్తుల్లోనే అంతకన్నా ఎక్కువ తేడా ఉంటుంది. అంటే క్రిమి ఒకరి నుంచి మరొకరికి చేరి ఉండాలి. ఆసుపత్రి అంతా వెతికినా మూలం మాత్రం దొరకలేదు. 2015లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రివాళ్లు ఇదే పద్ధతిలో వెతికారు. పిల్లల నుంచి పిల్లలకు అంటుకుందనడానికి వాళ్లకు సాక్ష్యం కనిపించలేదు. రెండూ నిఖార్సయిన పరిశోధనలే.

2016లో ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియాల నుంచి 1,080 నమూనాలు పోగేస్తే, చాలామందిలో ఉన్నవి ఖండాలు దాటిన కొన్ని వంశాలేనని తేలింది. 2021 నాటి విశ్లేషణ ప్రకారం, పరస్పర సంబంధం లేని ఆరు వంశాలు 1960ల్లోనే ఒక్కసారిగా విస్తరించాయి. నాకు ఆశ్చర్యం కలిగించింది మరొకటి. పొగతాగడంవల్ల వచ్చే తరహా మార్పుల గుర్తులు ఈ వంశాల జన్యువుల్లో ఉన్నాయి. పరిసరాల నుంచి నేరుగా వచ్చిన క్రిముల్లో లేవు. అంటే సిస్టిక్ ఫైబ్రోసిస్ లేనివాళ్ల ఊపిరితిత్తులూ వీటికి దారిలో మజిలీలు అయ్యాయని నేను అర్థం చేసుకుంటున్నాను. ఇప్పటి వ్యాప్తి గొలుసుల్లో ఆ జబ్బు లేనివాళ్లూ ఉన్నారని ఆ విశ్లేషణే చెబుతోంది.

మన ల్యాబుల్లో తెమడలో ఎర్రటి కడ్డీలు కనిపించి, సీబీనాట్ అనే జన్యు పరీక్షలో క్షయ లేదని వచ్చే నమూనాలు ఉంటాయి. వాటిని పక్కన పడేయకుండా కల్చర్‌కు, ఆపైన జన్యుక్రమానికి పంపితేనే ఆ వంశవృక్షంలో మన కొమ్మ ఏదో తెలిసేది.