దీపము ఆరితే బాగుపడినట్టేనా?

ఈ దినము ఒక చిన్న దీపమును గూర్చి మీతో మాట్లాడాలని ఆశపడుచున్నాను. అది మీ కారులో స్టీరింగు వెనుక, ఇంజను బొమ్మ ఆకారములో పసుపు రంగున వెలిగే దీపము. దానిని చెక్ ఇంజన్ లైటు అంటారు.

నాకు 2014 మోడల్ పెట్రోలు కారు ఒకటి ఉండేది. దానిని అమ్మివేయాలని అనుకొన్న వారములోనే ఆ దీపము వెలిగింది. వంతెన ఎక్కునప్పుడు ఇంజను వణికేది, దీపము మిణుకుమిణుకుమనేది. కొంటానని వచ్చినవాడు ఒక యౌవనస్థుడు. వారమునకు మూడుసార్లు తల్లిని డయాలిసిస్‌కు తీసికొని వెళ్లుటకు అతనికి కారు కావాలి. దాని కొరకు అప్పు చేయుచున్నాడు.

నాకు తెలిసిన ఒక మెకానిక్కు, “రెండు నిమిషాల పని అయ్యగారూ! మిషను పెట్టి కోడ్ తుడిచేస్తాను. అతను చూసేటప్పటికి లైటు ఉండదు” అన్నాడు. ప్రియులారా, దాచకుండా చెప్పుచున్నాను, నేను వెంటనే వద్దనలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నడిరోడ్డు మీద ఆగిపోయిన కారు, వెనుక సీటులో ఆ తల్లి నా కన్నుల ఎదుట కనబడినారు.

మరునాడు ఒక వృద్ధ మెకానిక్కు దగ్గరకు వెళ్లాను. డ్యాష్‌బోర్డు క్రింద పదహారు పిన్నుల సాకెట్టు ఒకటి ఉంటుంది. ఆయన దానికి స్కానరు తగిలించి, వచ్చిన కోడ్‌ను మొదట కాగితము మీద వ్రాసికొన్నాడు: పి 0301. “అంటే మొదటి సిలిండరులో పెట్రోలు సరిగా మండడం లేదండీ. ఎందుకో మాత్రం ఇది చెప్పదు. ప్లగ్గు కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టరు కావచ్చు. మనమే వెతకాలి” అన్నాడు.

ఆయన ఏమి చేశాడో గమనించండి. మొదటి సిలిండరు మీద ఉన్న ఇగ్నిషన్ కాయిల్‌ను రెండవ దాని మీదకు, రెండవ దానిని మొదటి దాని మీదకు మార్చాడు. తరువాత కోడ్ తుడిచి బండి నడిపించాడు. దీపము మరల వెలిగింది. ఈసారి కోడ్ పి 0302. కాయిల్‌తోబాటు తప్పు కూడా రెండవ సిలిండరుకు వెళ్లింది! ఇక సందేహము లేదు, చెడిపోయినది ఆ కాయిలే.

చూచారా? ఇద్దరూ కోడ్ తుడిచేవారే. ఒకడు తప్పును దాచుటకు తుడుస్తానన్నాడు, ఒకడు తప్పును కనుగొనుటకు తుడిచాడు.

కాబట్టి మీ పాత కారులో ఈ దీపము కదలక వెలుగుచుండి, బండి మామూలుగా నడుచుచున్నట్లయితే కంగారుపడకండి. త్వరలో చూపించండి. మిణుకుమిణుకుమంటే మాత్రము వేగము తగ్గించి, వీలైనంత త్వరగా ఆపండి. మండని పెట్రోలు పొగగొట్టములోని కెటలిటిక్ కన్వర్టరులో చేరి మండి, దానిని పాడుచేస్తుంది. కాయిల్ కంటే అది ఎంతో ఖరీదైనది.

పాత కారు కొనువారికి కూడా ఒక మాట. తాళము తిప్పగానే, ఇంజను స్టార్టు కాకముందు, ఈ దీపము వెలగాలి. స్టార్టు అయిన తరువాత ఆరిపోవాలి. అసలే వెలగకపోతే దానిని ఎవరైనా తీసివేసి ఉండవచ్చును. స్కానరులో రెడీనెస్ పరీక్షలు అనేకము పూర్తి కాలేదని చూపిస్తే, కోడ్ ఈమధ్యనే తుడిచి ఉండవచ్చు, లేదా బ్యాటరీ తీసి ఉండవచ్చు. అప్పుడు కొన్ని దినములు నడిపిన తరువాత మరల చూపించమని అడగండి.

నేను కాయిల్ మార్పించి, వారము దినములు నడిపించి చూచాను. దీపము రాలేదు. ఆ యౌవనస్థునికి జరిగినదంతా చెప్పి, బిల్లు చేతికిచ్చాను. అతడు బిల్లు చదివి, ధరలో కొంత తగ్గించమన్నాడు. తగ్గించాను. ఆ రాత్రి నిద్రపట్టింది.

ప్రియులారా, హెచ్చరించే దీపము మన శత్రువు కాదు. దానిని ఆర్పుటకు ముందు, అది ఎందుకు వెలిగిందో అడుగుదము.