కానుకగా ఓ చెక్క పలక

గృహప్రవేశానికి వెళ్తే గోడగడియారమో, డిన్నర్ సెట్టో పట్టుకెళ్తాం. చెక్కపని మీద ఆసక్తి ఉంటే, ఈసారి ఎపాక్సీ అలంకారంతో వడ్డన పలక చేసి ఇవ్వొచ్చు.

టేకు, మామిడి, తుమ్మ, ఏదైనా సరే, బాగా ఆరిన చెక్క కావాలి. తేమ 12 శాతం దాటితే తర్వాత చెక్క వంగుతుంది, ఎపాక్సీ అంచు వదిలేస్తుంది. టేకులో సహజంగానే నూనె ఉంటుంది కాబట్టి ముందు అసిటోన్‌తో తుడవాలి.

ఎపాక్సీ అంటే రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు. డబ్బా మీద రాసిన పాళ్లలోనే కొలిచి కలపాలి. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే చివరికి జిగటే మిగులుతుంది. రెండూ కలిస్తే వేడి పుడుతుంది. ఒకేసారి మందంగా పోస్తే పగుళ్లు పడొచ్చు, పొగలూ రావచ్చు. అందుకే పొరలు పొరలుగా పోయాలి. ముందే పల్చటి పూత వేస్తే చెక్క రంధ్రాల్లోని గాలి బుడగలై పైకి రాదు. చేతులకు నైట్రైల్ గ్లవ్స్, గదిలో గాలి, అరగదీసేటప్పుడు మాస్కు తప్పనిసరి.

ముట్టుకుంటే గట్టిగానే ఉంటుంది గానీ, పూర్తిగా గట్టిపడడానికి వారం, కొన్ని రకాలకు అంతకన్నా ఎక్కువే పడుతుంది. నా మటుకు ఎపాక్సీ పిడివైపు, అంచున ఉంటే చాలు; తిండి తగిలే చోట చెక్కే మేలు. దానికి ఫుడ్‌గ్రేడ్ మినరల్ ఆయిల్ పట్టించండి. వంటనూనె కొన్నాళ్లకు మక్కిన వాసన వేస్తుంది.

పలకతో ఓ చీటీ కూడా పెట్టండి: కత్తితో కోయొద్దు, నీళ్లలో నానబెట్టొద్దు, పొయ్యి మీంచి దించిన గిన్నె పెట్టొద్దు. చాలా రకాల ఎపాక్సీ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది.