కర్ర తర్వాత, ముందు కాళ్లు: శ్రీశైలంలో ఒక బగ్ కథ

ఈరోజు ఎపిసోడ్ రూమ్‌లో కూర్చుని కాదు, శ్రీశైలం నుంచి చేస్తున్నా. నా వెనక కనిపిస్తున్నది మల్లన్న గుడి ప్రాకారం. విజయనగర రాజుల కాలం నాటిది. గుడి లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు కానీ ఈ గోడ మీది బొమ్మలు బయటినుంచే చూడొచ్చు. ఏనుగులు, గుర్రాలు, వేట, యోగాసనాలు వేసే సిద్ధులు, ఆయుధాలు పట్టిన వీరులు. దర్శనం హడావుడిలో చాలామంది దీన్ని చూడకుండానే బస్సెక్కేస్తారు. మీరు ఈసారి వస్తే ఒక చుట్టు తిరగండి. ఆ వీరుల చేతుల్లో కత్తి కాదు, కింద కాళ్లు ఎట్లా పెట్టారో చూడండి.

కాళ్లెందుకంటారా? నేను చిన్నప్పుడు ఆత్మకూరు దగ్గర మా ఊళ్లో కర్రసాము నేర్చుకున్నా. నేర్పిన పెద్దాయన చాలా రోజులు నాకు కర్రే ఇవ్వలేదు. "కట్టె యాడికి పోతాది లేరా, ముందు కాళ్లు సూస్కో" అనేవాడు. ఉత్త చేతులతో ముందుకొక అడుగు, వెనక్కొక అడుగు. అంతే. పీర్ల పండగకి కర్ర గిరగిరా తిప్పేవాళ్లను చూసి నాకు అసూయ. ఆయనేమో, "అది జనం కోసం తిప్పేది రా నాయనా. నిజంగా ఎవుడన్నా మీదికొస్తే అంత తిప్పే టైమ్ యాడుంటాది?" అనేవాడు.

ఈ మాట నాకు అర్థమైంది ఇరవై ఏళ్ల తర్వాత, ఒక బగ్ దగ్గర.

మా మామకి సున్నిపెంటలో కొన్ని అద్దె గదులున్నాయి. యాత్రికులకిస్తాడు. నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, ఊరుకుంటానా? 2024 ఫిబ్రవరిలో చిన్న బుకింగ్ యాప్ రాసిచ్చా. శివరాత్రి మార్చి 8న. సరిగ్గా ఆ రద్దీ మొదలయ్యేటప్పుడు మామ ఫోన్. "ఏం అల్లుడూ, ఒకే గది ఇద్దరికిచ్చింది నీ యాప్!" బళ్లారి నుంచి వచ్చిన కుటుంబం, రాత్రి పూట, వాళ్లతో ఒక ముసలమ్మ. మామ తన గది వాళ్లకిచ్చి తాను వరండాలో పడుకున్నాడు.

ఆ గదికి పాత బుకింగ్ ఫిబ్రవరి 29 నుంచి మార్చి 2 వరకు. కొత్తది మార్చి 1 నుంచి 2 వరకు. ఫిబ్రవరి 29 చూడగానే నాకు వెలిగిపోయింది. లీపు సంవత్సరం! ఇంకేముంది, లీపు సంవత్సరం కోసం ప్రత్యేకంగా ఎనభై లైన్ల కోడ్ రాసేశా. ఒక లైబ్రరీ కూడా తెచ్చి పెట్టా. అంటే కర్ర గిరగిరా తిప్పానన్నమాట.

ఉగాదికి ముందు, ఏప్రిల్ 1న, మళ్లీ అదే. ఈసారి పాత బుకింగ్ మార్చి 30 నుంచి ఏప్రిల్ 2. ఇందులో లీపు ఎక్కడుంది?

అప్పుడు సిగ్గేసి ల్యాప్‌టాప్ మూసేశా. సాము నేర్చుకునేటప్పుడు ఇద్దరు ఒకేసారి మీదికొస్తే నేను తికమకపడేవాణ్ని. పెద్దాయన ఒకణ్ని పక్కకు పంపించి, "ఇప్పుడు వీడొక్కణ్నే సూడు" అనేవాడు. అదే చేశా. అన్ని గదులూ తీసేసి ఒకటే గది. అన్ని బుకింగులూ తీసేసి రెండే. వాటిని కాగితం మీద రాసి, యాప్ ఎట్లా పోలుస్తుందో వేలు పెట్టి చూసుకుంటూ పోయా.

పది నిమిషాల్లో దొరికింది. నేను తేదీలను 29-02-2024 అని మామూలు టెక్స్ట్‌గా దాచా. కంప్యూటర్‌కి అది తేదీ కాదు, ఉత్త అక్షరాల వరుస. ఎడమ వైపు నుంచి పోల్చుకుంటూ పోతుంది. 02-03-2024 సున్నాతో మొదలు, 29-02-2024 రెండుతో మొదలు. కాబట్టి దాని లెక్కలో మార్చి 2 ముందు, ఫిబ్రవరి 29 తర్వాత! కొత్తవాళ్లు ఖాళీ చేసి వెళ్లాకే పాతవాళ్లు వస్తారనుకుని గది ఖాళీ అని చెప్పేసింది. నెల దాటే బుకింగ్ దగ్గరే ఈ గోల. నెల మధ్యలో అంతా బాగానే ఉండేది, అందుకే నాకు అనుమానం రాలేదు.

మందేంటంటే, తేదీని తిప్పి రాయడం. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు: 2024-02-29. ఇట్లా రాస్తే అక్షరాల వరుసే కాలం వరుస అయిపోతుంది. ఇది నేను కనిపెట్టింది కాదు, ఐఎస్ఓ 8601 అని 1988 నుంచి ఉన్న ప్రమాణం. కోడ్‌లో మార్చింది ఒక్క లైను. పాత బుకింగుల తేదీలన్నీ అదే రూపంలోకి తెచ్చి, నా ఎనభై లైన్లూ తీసేశా. నిజం చెప్పాలంటే, రాసినదాని కన్నా తీసేసినదే ఎక్కువ ఆనందమిచ్చింది.

జపాన్‌లో కానో జిగోరో 1882లో మొదలుపెట్టిన జూడో సూత్రం కూడా ఇట్లాంటిదే: ఉన్న బలాన్ని వృథా చేయకుండా సరిగ్గా కావాల్సిన చోటే వాడటం. కరాటేలో ఒకే కదలికల వరుసను వందలసార్లు చేస్తారే, కతా అంటారు. డేవ్ థామస్ అనే ప్రోగ్రామర్ దాన్ని తీసుకుని 'కోడ్ కతా' అన్నాడు. చిన్న లెక్కను మళ్లీ మళ్లీ, కొత్తగా రాయడం. ఇంటర్వ్యూ కోసం ఐదొందల ప్రశ్నలు బట్టీ పట్టే తమ్ముళ్లకి ఇది నచ్చదు, నాకు తెలుసు. నాక్కూడా ఆ వయసులో కాళ్లు నచ్చలేదు, కర్రే నచ్చింది.

దీనికి ల్యాప్‌టాప్ అక్కర్లేదు. ఇప్పుడే ఫోన్‌లో నోట్స్ తెరిచి రెండు బుకింగులు రాయండి. అవి ఒకదాని మీద ఒకటి పడుతున్నాయా లేదా చెప్పే షరతు మీ మాటల్లో, తెలుగులోనే, ఒక్క వాక్యంలో రాయండి. రేపు అది చూడకుండా మళ్లీ రాయండి. నాకు మూడో రోజుకి గానీ ఆ వాక్యం పొట్టిది కాలేదు.

మొన్న మామని అడిగా, యాప్ ఎట్లుంది అని. "బాగనే ఉంది అల్లుడూ" అన్నాడు. నోట్‌బుక్ మాత్రం ఇంకా రాస్తూనే ఉన్నాడు. సరే, గుడి చుట్టూ ఇంకో వైపు గోడ చూడాల్సి ఉంది, ఎండ ఎక్కకముందే వెళ్తా. ఉంటాను.